ఉప్పునీటి నుంచి హరిత హైడ్రోజన్: ఆనోడు దగ్గర జరిగే పోటీ

సభకు నమస్కారం.

నీటిలోకి విద్యుత్తును పంపి హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను వేరు చేయడం, అంటే విద్యుద్విశ్లేషణ, రెండు శతాబ్దాలు దాటిన విద్య. 1800లో వోల్టా తన బ్యాటరీని గురించి రాసిన ఉత్తరం లండన్ చేరిన కొద్ది వారాలకే విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అలాంటి బ్యాటరీని స్వయంగా కూర్చుకుని, దాని తీగలను నీటిలో ముంచి, రెండు కొసల దగ్గరా బుడగలు లేవడం గమనించారు. ఎంత విద్యుత్తు ప్రవహిస్తే ఎంత పదార్థం వెలువడుతుందో చెప్పే నియమాలను 1830లలో మైకేల్ ఫారడే ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో నార్వేలోని ర్యూకాన్‌లోనూ, ఈజిప్టులోని అస్వాన్‌లోనూ, భారతదేశంలోని నంగల్‌లోనూ జలవిద్యుత్తుతో హైడ్రోజన్ తీసి, దానితో ఎరువులు తయారుచేసే కర్మాగారాలు ఏళ్ల తరబడి నడిచాయి. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీయడం చౌక కావడంతో ఆ పద్ధతి వెనుకబడింది గాని, అది పనిచేయక మూలపడింది కాదు. అయితే ఆ కర్మాగారాలన్నీ వాడుకున్నది శుద్ధి చేసిన మంచినీటిని. ఆ స్థానంలో సముద్రపు నీటిని పెట్టవచ్చునా, పెడితే ఏమవుతుంది, అసలు పెట్టవలసిన అవసరం ఎంత అన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా అవసరం గురించి రెండు మాటలు చెబుతాను. 2023లో ప్రపంచం దాదాపు 9.7 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను వాడుకుంది. అందులో ఎక్కువ భాగం చమురు శుద్ధికీ, అమ్మోనియాకూ, మిథనాల్‌కూ పోయింది. దాదాపు మొత్తం సహజవాయువు నుంచో బొగ్గు నుంచో వచ్చినదే. సహజవాయువును ఆవిరితో చర్య జరిపి కిలో హైడ్రోజన్ తీస్తే 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. విద్యుద్విశ్లేషణ యంత్రం నుంచి ఆ పొగ రాదు, కాని మొత్తం లెక్క విద్యుత్తు ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిమీదే ఆధారపడుతుంది. కిలో హైడ్రోజన్‌కు నేటి యంత్రాలు 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తు తీసుకుంటాయి. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వచ్చినదైతే, యూనిట్‌కు సుమారు కిలో చొప్పున, 50 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కకు వస్తుంది, అంటే సహజవాయువు పద్ధతి కంటే అయిదు రెట్లు అధ్వానం. కాబట్టి ఎండ, గాలి, నీటి శక్తితో నడిచే విద్యుద్విశ్లేషణను మాత్రమే హరితమని అనాలి. ఈ షరతును చాలా ప్రకటనలు చిన్న అక్షరాల్లోకి నెట్టేస్తుంటాయి.

ఇక నీటి సంగతి. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారం సుమారు 9 లీటర్ల నీరు ఖర్చవుతుంది, చల్లబరచడానికీ శుద్ధిలో పోయే వృథాకూ మరికొంత కావాలి. నేటి హైడ్రోజన్ మొత్తాన్నీ నీటి నుంచే తీసినా, విడగొట్టే నీరు ఏడాదికి 90 కోట్ల ఘనమీటర్ల లోపే ఉంటుంది. మనుషులు ఏటా నదుల నుంచి, భూగర్భం నుంచి తోడుకునే దానితో పోలిస్తే ఇది పదివేలలో రెండు మూడు వంతులు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇది పెద్ద భారం కాదు. అయితే ఎండా గాలీ పుష్కలంగా దొరికే చోట్లు తరచుగా నీటికి కటకటలాడే చోట్లే అవుతాయి. చిలీలోని అటకామా, నమీబియా తీరం, పశ్చిమ ఆస్ట్రేలియా ఇందుకు ఉదాహరణలు. అక్కడ ఎడారి పక్కనే సముద్రం ఉంటుంది. దాని నీటినే నేరుగా యంత్రంలోకి పంపితే ఎలా ఉంటుందన్న ఆలోచన సహజంగానే పుడుతుంది.

బడి ప్రయోగంలో నీటికి చిటికెడు ఉప్పు కలపగానే బుడగలు జోరుగా రావడం చూసినవారు, ఉప్పు ఉండడం మేలే కదా అనుకుంటారు. ఉప్పు వల్ల నీటికి విద్యుత్ వాహకత వస్తుందన్న మాట నిజం. కాని ఆ ప్రయోగంలో ఆనోడు, అంటే ధన ధ్రువం, దగ్గర లేచిన బుడగల్లో ఆక్సిజన్ ఎంత, క్లోరిన్ ఎంత అని ఎవరూ కొలవలేదు. అదీగాక పరిశ్రమలో వాడే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే తీవ్ర క్షారపు ద్రావణం, 25 నుంచి 30 శాతం గాఢతలో, వేడిమీద ఉన్నప్పుడు, సముద్రపు నీటి కంటే పది రెట్లకు మించి వాహకత చూపుతుంది. అందువల్ల వాహకత విషయంలో కూడా సముద్రపు నీరు మనకు గొప్ప వరమేమీ ఇవ్వడం లేదు.

కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో 19 గ్రాములు క్లోరైడు, 11 గ్రాములకు కొంచెం తక్కువ సోడియం, 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల కాల్షియం. బ్రోమైడు సుమారు 65 మిల్లీగ్రాములు. ఆమ్ల, క్షార గుణాలను తెలిపే పీహెచ్ 8కి కాస్త పైన (7కి పైన ఉంటే క్షారం, కింద ఉంటే ఆమ్లం). ఈ జాబితాలో మనకు చిక్కు తెచ్చిపెట్టేవి ముఖ్యంగా రెండు: ఆనోడు దగ్గర క్లోరైడు, కాథోడు, అంటే రుణ ధ్రువం, దగ్గర మెగ్నీషియం.

ఆనోడు దగ్గర జరిగేది ఒక పోటీ. నీటి నుంచి ఆక్సిజన్ వెలువడడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. క్లోరైడు నుంచి క్లోరిన్ వెలువడడానికి 1.36 వోల్టులు కావాలి. ఈ అంకెలు చూస్తే ఆక్సిజన్‌దే గెలుపని అనిపిస్తుంది. అయితే ఆక్సిజన్ అణువు తయారు కావడానికి నాలుగు ఎలక్ట్రాన్లు ఒకదాని వెంట ఒకటి కదలాలి, మధ్యలో రెండు మూడు దశలు దాటాలి, ఆ దశల్లో కొన్ని ఎంతో మందకొడిగా సాగుతాయి. క్లోరిన్‌కు రెండు ఎలక్ట్రాన్లే చాలు, దారి కూడా సులువు. అందువల్ల శక్తి లెక్కలో వెనుకబడి ఉన్న క్లోరిన్ వేగంలో ముందుకు దూకుతుంది. నిజానికి ఉప్పు ద్రావణం నుంచి క్లోరిన్‌నూ కాస్టిక్ సోడానూ తీసే పరిశ్రమ మొత్తం ఈ సౌలభ్యం మీదే నిలబడి ఉంది, అక్కడ హైడ్రోజన్ ఉపఉత్పత్తి. ఆ పరిశ్రమకు ఇష్టమైనదే ఇక్కడ మనకు గిట్టనిది.

ఆనోడు దగ్గర ఆక్సిజన్ బదులు పూర్తిగా క్లోరినే వచ్చిందనుకోండి, కిలో హైడ్రోజన్‌తోపాటు 35 కిలోల క్లోరిన్ పుట్టుకొస్తుంది. నేటి హైడ్రోజన్ అవసరమంతా అలా తీరిస్తే ఏటా 340 కోట్ల టన్నుల క్లోరిన్ చేతికొస్తుంది, ప్రపంచం వాడుకునేది 10 కోట్ల టన్నులకు లోపే. కాబట్టి క్లోరిన్‌ను అమ్ముకుని గిట్టుబాటు చేసుకుందామనే మాట చిన్న కర్మాగారానికి సరిపోవచ్చు గాని, ఇంధనం స్థాయిలో అర్థం లేనిది. ఇక ఆనోడు 99 శాతం ఆక్సిజన్‌నే ఇస్తుందని పరిశోధకులు చెప్పినప్పుడు వినడానికి బాగుంటుంది. మిగిలిన ఆ ఒక్క శాతాన్ని లెక్కవేస్తే కిలో హైడ్రోజన్‌కు 350 గ్రాముల క్లోరిన్ అవుతుంది. రోజుకు టన్ను హైడ్రోజన్ తీసే చిన్నపాటి యంత్రం రోజూ 350 కిలోల క్లోరిన్‌ను, లేదా అది నీటిలో మారే హైపోక్లోరైట్‌ను (బ్లీచింగ్ ద్రావణంలో ఉండే పదార్థం) వదులుతుందన్నమాట. దాన్ని సముద్రంలోకి వదలలేము, గాలిలోకి వదలలేము. అందువల్ల 99 అన్నది ఈ రంగంలో మంచి మార్కు కాదు.

ఈ పోటీని ఆక్సిజన్ వైపు మొగ్గేటట్టు చేయడానికి ఒక కిటుకు ఉంది. ద్రావణాన్ని బాగా క్షారంగా మారిస్తే క్లోరైడు క్లోరిన్‌గా కాక హైపోక్లోరైట్‌గా మారవలసి వస్తుంది, ఆక్సిజన్‌కు కావలసిన వోల్టేజికీ దానికీ మధ్య సుమారు 480 మిల్లీవోల్టుల ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడంలోనే పని ముగించగల ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చుకాకుండా చర్యను వేగిరపరిచే పదార్థం, దొరికితే క్లోరైడు జోలికి పోకుండా ఆక్సిజన్ తీయవచ్చు. నికెల్, ఇనుము కలిసిన హైడ్రాక్సైడ్లు క్షార ద్రావణంలో సిద్ధాంతం చెప్పే వోల్టేజి మీద 300 మిల్లీవోల్టుల అదనంతోనో, అంతకు తక్కువతోనో చెప్పుకోదగ్గ ప్రవాహాన్ని ఇస్తాయి, పైగా ఇరీడియం లాగా దుర్లభమైనవి కావు. సముద్రపు నీరు ఎలాగూ పీహెచ్ 8 దగ్గర ఉంది కదా, అది క్షారమే కదా అని అడగవచ్చు. నీటి మొత్తంలో కొలిచిన పీహెచ్ ఆనోడు ఉపరితలం దగ్గర ఉండదు. ఆక్సిజన్ వెలువడే ప్రతిసారీ అక్కడ హైడ్రోజన్ అయాన్లు పుడతాయి. సముద్రపు నీటిలో వాటిని తటస్థం చేయగల బైకార్బనేటు లీటరుకు 140 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. ప్రవాహం పెరిగిన కొద్దీ ఆనోడును అంటి ఉన్న పలుచని నీటిపొర ఆమ్లంగా మారి, క్లోరిన్‌కు మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. క్షారాన్ని మనమే కలపకపోతే ఆ 480 మిల్లీవోల్టుల సదుపాయం కాగితం మీదే ఉండిపోతుంది.

కాథోడు దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. హైడ్రోజన్ వెలువడుతుంటే హైడ్రాక్సైడ్ అయాన్లు పోగుపడి అక్కడి నీరు తీవ్ర క్షారంగా మారుతుంది. పీహెచ్ 9.5 దాటగానే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తెల్లగా పేరుకోవడం మొదలవుతుంది, దానితోపాటు కాల్షియం కార్బనేటు కూడా. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి చిట్టు వంటిదే ఇది, కాకపోతే అక్కడ నెలలు పట్టేది ఇక్కడ గంటల్లో పేరుకుని కాథోడును కప్పేస్తుంది. విద్యుత్ కేంద్రాల శీతలీకరణ గొట్టాల్లో నాచూ నత్తలూ పట్టకుండా సముద్రపు నీటి నుంచే హైపోక్లోరైట్ తయారుచేసే యంత్రాలను నడిపేవారికి ఈ చిట్టు బాగా పరిచయం. వాళ్లు ఆ యంత్రాలను క్రమం తప్పకుండా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడుగుతుంటారు. సముద్రపు నీటి విద్యుద్విశ్లేషణ దశాబ్దాలుగా పరిశ్రమలో ఉన్నదే, అది కోరుకునే ఫలితం మాత్రం వేరు.

ఈ రెండు చిక్కులను విప్పే ప్రయత్నాలు చాలాకాలం నుంచే జరుగుతున్నాయి. 1980లో జాన్ బెనెట్ మాంగనీస్ డయాక్సైడ్ పూత పూసిన ఆనోడుతో సముద్రపు నీటి నుంచి దాదాపు పూర్తిగా ఆక్సిజన్‌నే రాబట్టవచ్చని చూపాడు. ఆ పూత గుండా నీటి అణువులు చొచ్చుకుపోగలవు, క్లోరైడు అయాన్లు అంత సులువుగా పోలేవు. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ డాయ్ బృందం నికెల్ నురుగు మీద నికెల్ సల్ఫైడు పొరనూ, దానిపై నికెల్-ఇనుము హైడ్రాక్సైడ్‌నూ అమర్చింది. పనిచేసే సమయంలో ఆ సల్ఫైడు నుంచి సల్ఫేటు వంటి రుణ అయాన్లు ఏర్పడి క్లోరైడును దూరంగా నెడతాయని, అందువల్ల లోహం తుప్పు పట్టకుండా వెయ్యి గంటలకు పైగా నిలిచిందని వారు నివేదించారు. మంచి పనే. అయితే వారు వాడింది పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన సముద్రపు నీరు.

ఆ కలపడం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. క్షారం కలపగానే మెగ్నీషియం, కాల్షియం ముందే అడుగున చేరతాయి, వడకట్టి తీసేయాలి, అంటే అక్కడే ఒక శుద్ధి జరిగిపోయింది. ఆ తరువాత ద్రావణాన్ని ఒకసారి పంపి వదిలేద్దామంటే లీటరుకు 56 గ్రాముల చొప్పున క్షారం కూడా దానితోనే పోతుంది. కిలో హైడ్రోజన్‌కు నూరు లీటర్ల నీరు ప్రవహించిందనుకుంటే 5.6 కిలోల పొటాషియం హైడ్రాక్సైడ్ సముద్రం పాలవుతుంది. వదలకుండా తిప్పి తిప్పి వాడదామంటే, నీరు విడిపోయిన కొద్దీ ఉప్పు వెనుకబడిపోతుంది. కిలో హైడ్రోజన్‌కు ఖర్చయ్యే 9 లీటర్ల సముద్రపు నీరు 300 గ్రాములకు పైగా లవణాన్ని యంత్రంలోనే వదిలి వెళుతుంది. అది కొద్దిరోజుల్లో స్ఫటికాలుగా గడ్డకడుతుంది. చిన్న గాజు పాత్రలో వంద గంటల ప్రయోగం చేసేటప్పుడు ఈ సమస్య కంటికి కనబడదు. పరిశోధన వ్యాసం చదివేటప్పుడు ఉత్ప్రేరకం పేరు కంటే ముందు ద్రావణంలో ఏమి కలిపారో, అది ఎన్నిసార్లు తిరిగిందో చూడమని విద్యార్థులకు చెబుతుంటాను.

2022 నవంబరులో నేచర్ పత్రికలో చైనా శాస్త్రవేత్త షియే హెపింగ్ బృందం ప్రచురించిన పద్ధతి వేరే దారి పట్టింది. వారు సముద్రపు నీటికీ, లోపలి గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణానికీ మధ్య నీటిని అంటనివ్వని సూక్ష్మరంధ్రాల టెఫ్లాన్ పొరను పెట్టారు. ద్రవ రూపంలో ఉన్న నీరుగాని, అందులోని అయాన్లుగాని దాన్ని దాటలేవు. నీటి ఆవిరి మాత్రం దాటుతుంది. గాఢ క్షారం మీద ఆవిరి పీడనం సముద్రపు నీటి మీద కంటే తక్కువ కాబట్టి, ఆవిరి దానంతటదే లోపలికి వచ్చి ద్రవమవుతుంది. లోపల ఎంత నీరు విడిపోతే బయటి నుంచి అంత నీరు వచ్చి చేరుతుంది, వేరే పంపు అక్కరలేదు, వేడి చేయనక్కరలేదు. ఆ అమరిక 3,200 గంటలు నడిచింది. 2023లో చైనాలోని ఫుజియాన్ తీరాన తేలియాడే వేదిక మీద అలల మధ్య కూడా పది రోజులపాటు నడిపారు. నేను ఇటీవల చదివిన వాటిలో ఇంత పొందికైన ఆలోచన మరొకటి కనబడలేదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు: ఇందులో విడిపోతున్నది సముద్రపు నీరు కాదు, పొర దాటి వచ్చిన మంచినీరు. నేరుగా సముద్రపు నీటినే విడగొట్టామన్న శీర్షిక కింద జరిగింది ఒక చక్కటి స్వేదనం. ఇక ఆ పొర మీద నాచు, నూనె చుక్కలు, సబ్బు వంటి పదార్థాలు చేరి దాని రంధ్రాలను తడిపితే ఉప్పునీరు లోపలికి జొరబడుతుంది. ఎన్ని ఏళ్లకు అలా జరుగుతుందన్నది ఏళ్ల తరబడి సముద్రంలో ఉంచితేగాని తేలదు.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. నీటిని పీడనంతో సన్నని పొర గుండా నెట్టి ఉప్పును ఆపే రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో ఘనమీటరు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి 3 నుంచి 4 యూనిట్ల విద్యుత్తు చాలు. కిలో హైడ్రోజన్‌కు కావలసిన 10 లీటర్లకు అది 0.04 యూనిట్లకు మించదు. ఆ తరువాతి తుది శుద్ధిని కలిపినా, 50 యూనిట్లు మింగే యంత్రం పక్కన ఇది లెక్కలోకి రాని మొత్తం. మరోవైపు నుంచి చూడండి. నీటిని విడగొట్టే యంత్రం, అంటే ఎలక్ట్రోలైజర్‌లోని ఒక్కో సెల్లు వోల్టేజిలో ఒక్క వోల్టు తేడా కిలో హైడ్రోజన్‌కు 26.6 యూనిట్ల తేడా. పది మిల్లీవోల్టులు తగ్గించగలిగితే 0.27 యూనిట్లు మిగులుతాయి, అంటే ఉప్పు తీయడానికి అయ్యే ఖర్చుకు ఆరేడు రెట్లు. ఉప్పునీటిని తట్టుకోవడం కోసం మంచి ఉత్ప్రేరకాన్ని వదిలి, 50 మిల్లీవోల్టులు ఎక్కువ అడిగే ఉత్ప్రేరకాన్ని ఎంచుకున్నవాడు ఉప్పు వడబోత ఖర్చును ఆదా చేయలేదు, దానికి ముప్పై రెట్లకు పైగా నష్టపోయాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. కిలో హైడ్రోజన్‌లో నిలిచే శక్తి 39.4 యూనిట్లు. యంత్రం 50 తీసుకుంటే మిగిలిన 10 యూనిట్లకు పైగా శక్తి 70, 80 డిగ్రీల వేడిగా బయటికి వస్తుంది. 9 లీటర్ల నీటిని ఆవిరి చేయడానికి 6 యూనిట్ల వేడి సరిపోతుంది. పీడనం తగ్గించి మరిగిస్తే ఆ వృథా వేడితోనే సముద్రపు నీటిని స్వేదనం చేసుకోవచ్చు. అందువల్ల ఉప్పును యంత్రం లోపలికి రానిచ్చి దానితో కుస్తీ పట్టడం కంటే గుమ్మం దగ్గరే ఆపేయడం మేలని నా అభిప్రాయం. రెండు ధ్రువాల మధ్య ప్రోటాన్లను దాటనిచ్చే పొర గల ఎలక్ట్రోలైజర్ల విషయంలో ఇది మరీ తప్పనిసరి, ఎందుకంటే సోడియం, కాల్షియం అయాన్లు ప్రోటాన్లు కూర్చోవలసిన స్థానాలను ఆక్రమించి పొరను పాడుచేస్తాయి. 2023లో ఫ్రాన్స్ పశ్చిమ తీరాన ల్ క్రోయిసిక్ సమీపంలో లైఫ్ సంస్థ సముద్రం మీద తేలే మెగావాటు యంత్రంతో హైడ్రోజన్ తీసినప్పుడు, సముద్రపు నీటిని వేదిక మీదే ఉప్పు తీసి వాడారు.

మరి నేరుగా విడగొట్టే పరిశోధన దండగ అంటారా అని ఒక మిత్రుడు చీటీ పంపారు. దండగ అనను. నడిసముద్రంలో గాలిమరల పక్కన, మనుషులు అరుదుగా వెళ్లే చోట, ఒక యంత్రం తగ్గితే ఒక మరమ్మతు తగ్గుతుంది, అక్కడ స్థలమూ బరువూ విలువైనవే. క్లోరైడును తట్టుకునే ఆనోడు దొరికితే, శుద్ధి యంత్రం ఒకనాడు సరిగా పనిచేయకపోయినా ఎలక్ట్రోలైజర్ చెడిపోకుండా ఉంటుంది. అది మంచినీటి యంత్రాలకు కూడా పనికివచ్చే లాభం. పేరుకుపోయే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌నే పంటగా భావించి, దానితో కార్బన్ డయాక్సైడ్‌ను బంధించే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి, అక్కడ హైడ్రోజన్ కొసరు. ఇలాంటి చోట్ల ఈ పరిశోధనకు పని ఉంది. నీటి శుద్ధి ఖర్చు మిగులుతుందని చెప్పి దీన్ని అమ్మజూపడమే నాకు రుచించదు.

అదే చీటీలో ఆక్సిజన్ సంగతీ, మిగిలే ఉప్పునీటి సంగతీ అడిగారు. కిలో హైడ్రోజన్‌తో 8 కిలోల ఆక్సిజన్ వస్తుంది. దగ్గరలో ఉక్కు కర్మాగారమో, మురుగునీటి శుద్ధి కేంద్రమో ఉంటే దానికి గిరాకీ ఉంటుంది, లేకపోతే గాలిలోకి వదిలేస్తారు. గాఢ ఉప్పునీరు తాగునీటి కేంద్రాలు వదిలే దానితో పోలిస్తే కొద్దిపాటిదే, అయినా కదలిక లేని, లోతు తక్కువైన అఖాతంలోకి వదలకుండా అలల తాకిడి ఉన్న చోట పలుచన చేసి వదలాలి.

ఇక మిగిలింది మన్నిక. పరిశ్రమ ఒక ఎలక్ట్రోలైజర్ నుంచి 60,000 నుంచి 90,000 గంటల సేవను ఆశిస్తుంది. వెయ్యి గంటలంటే 42 రోజులు, 3,200 గంటలంటే నాలుగున్నర నెలలకు తక్కువ. పైగా ఈ గంటలన్నీ చాలావరకు ఆపకుండా, స్థిరమైన విద్యుత్తుతో నడిపినవి. ఎండతో నడిచే యంత్రం ప్రతి సాయంత్రం ఆగి, ప్రతి ఉదయం మొదలవుతుంది. ఆగిన క్షణంలో కాథోడు మీద మిగిలిన హైడ్రోజన్, ఆనోడు మీద ఆక్సీకరణం చెందిన పూత కలిసి తామే ఒక బ్యాటరీగా మారి విద్యుత్తును వెనక్కి నడుపుతాయి. కాథోడులోని లోహం కరగడం మొదలవుతుంది, క్లోరైడు తోడైతే ఆ కరుగుదల గుంటలు గుంటలుగా లోతుకు దిగుతుంది. మంచినీటి క్షార యంత్రాల్లో కూడా ఉన్న బాధే ఇది, ఉప్పునీటిలో ఎన్నో రెట్లు ఎక్కువ. ఆగినప్పుడు కొద్దిపాటి రక్షణ వోల్టేజిని నిలిపి ఉంచడం, ఆగే ముందు ద్రావణాన్ని మార్చడం వంటి ఉపాయాలను ఇప్పుడిప్పుడే పరీక్షిస్తున్నారు. ఇకమీదట ఈ రంగం నుంచి వచ్చే వార్తల్లో, ఎన్ని గంటలు నడిచిందన్న దానితోపాటు ఎన్నిసార్లు ఆగి మళ్లీ మొదలైందన్న అంకె కూడా ఉందేమో చూడండి.

నమస్కారం.